హాలెండు కొలబద్దతో ఆళ్ళగడ్డ దాకా

విదేశం వెళ్ళొచ్చినవాడు విదేశం గురించే రాయాలని అందరూ అనుకుంటారు. మురుగునీటి పారుదల పని నేర్చుకోవడానికి నేను హాలెండులో ఎనిమిది నెలలు ఉండి వచ్చాను. వచ్చినప్పటినుంచి గాలిమరలు, తులిప్ పూలు, చీజు ముక్కల గురించి అడగనివాళ్ళు లేరు. వాటి గురించి చెప్పగలను. కానీ నా ప్రయాణాల్లో కాగితం మీద పెట్టదగినది ఒక్కటే ఉంది. అది నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ మీదుగా చాగలమర్రి దాకా పోయిన ఏప్రిల్‌లో చేసిన నాలుగు రోజుల ప్రయాణం. మీలో చాలామంది ఈ దారిన వచ్చి ఉండరు. వచ్చినా బస్సు కిటికీలోంచి ఒకసారి చూసి, ఎండిపోయిన సీమ అనుకుని కునుకు తీసి ఉంటారు. మీకోసమే ఇది రాస్తున్నాను.

నాతో వచ్చినవాడు హెండ్రిక్. హాలెండులో నాకు పాఠం చెప్పిన ఇంజనీరు. నలభై అయిదేళ్ళు, ఆరున్నర అడుగులు, మంచి మనిషి. వానాకాలంలో మా చేలల్లో నీళ్ళు నిలుస్తున్నాయని, కుందూ నదిలోకి ఒక మురుగుకాలవ తవ్వాలని పైవాళ్ళ ఆలోచన. కాలవ పోయే దారంతా అంతకు ముందు నవంబరులో నేనే కొలిచి, కొయ్యమేకులు పాతి, ఏ మేకు ఎంత ఎత్తులో ఉందో పుస్తకంలో రాశాను. ఆ అంకెలు సరిచూడడానికి హెండ్రిక్ వచ్చాడు. చివర్లో ఒక కాగితం మీద ఇద్దరం సంతకం చేయాలి. రెండు సంతకాలూ పడితేనే తవ్వకం మొదలవుతుంది.

నంద్యాల: ఉగ్గాని, మబ్బు

మొదటిరోజు ఉదయం ఏడింటికి బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని తిన్నాం. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి తాలింపు పెట్టి పైన పుట్నాలపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దాన్ని ఎవరూ ఉగ్గాని అనరు. వడ్డించే ఆయన నన్ను అడిగాడు.

"దొరకి బజ్జీ పెట్టమంటావా, ఉత్తదే తింటాడా?"

"పెట్టు. మిరపకాయ తీసి పెట్టు."

"మిరపకాయ తీసినాక దాంట్లో ఏముంటాదప్పా? పిండే గదా!" అంటూ తీయకుండానే పెట్టాడు.

హెండ్రిక్ మర్యాదస్తుడు. మొత్తం తిన్నాడు. ముఖం ఎర్రబడి, కళ్ళ నీళ్ళు కారుతుండగా చాలా బాగుందన్నాడు. వడ్డించే ఆయన బెల్లంముక్క తెచ్చి చేతిలో పెట్టి, "మింగొద్దని చెప్పు, చప్పరించమను" అన్నాడు. ప్లేటు అరవై పైసలు. బెల్లానికి పైసా తీసుకోలేదు. హాలెండులో ఎవరింటికి వెళ్ళినా కాఫీతో ఒక బిస్కట్టు ఇస్తారు. ఒకటే. తరువాత డబ్బాకి మూత పెట్టేస్తారు. నా ఎనిమిది నెలల్లో ఆ మూత రెండోసారి తెరుచుకోగా చూడలేదు.

బయటికి రాగానే హెండ్రిక్ తూర్పు వైపు చూసి గొడుగు జీపులో ఉందా అని అడిగాడు. ఎందుకన్నాను.

"మబ్బు పట్టింది కదా."

తూర్పున ఉన్నవి నల్లమల కొండలు. ఏప్రిల్ ఎండలో పొగలాంటి మసక పట్టి అవి నీలంగా, అంచులు కరిగినట్టు కనిపిస్తాయి. ఆయన దేశంలో కన్ను ఆనేంత దూరంలో నీలంగా ఏదైనా కనిపిస్తే అది వానే. వాళ్ళకు కొండల్లేవు. వాళ్ళు కొండ అని చెప్పుకునే దాన్ని ఒక ఆదివారం చూపించడానికి తీసుకువెళ్ళారు. సైకిలు దిగకుండానే ఎక్కాను.

రెండు దేశాల తేడా అడిగినవాళ్ళకు నేనొక లెక్క చెబుతుంటాను, ఎవరూ నమ్మరు. ఏడాదంతా కలిపి చూస్తే హాలెండులో పడే వాన, నంద్యాలలో పడే వాన ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కువ తక్కువల్లో లేదు, పద్ధతిలో ఉంది. అక్కడ ఏ రోజు చూసినా సన్నగా తుంపర. సైకిళ్ళు తొక్కుతూనే ఉంటారు, ఎవరూ పరుగెత్తరు. ఇక్కడ కొన్ని రోజుల్లో కుమ్మరించి, మిగతా నెలల్లో ముఖం చూపించదు. అక్కడ ఎండ తడి తాగదు, ఇక్కడ తాగుతుంది. అక్కడ సముద్రం ఊరికన్నా ఎత్తున ఉంటుంది, కట్ట కట్టి ఆపుతారు. ఇక్కడ ఊరికన్నా ఎత్తున రెండు వైపులా కొండలుంటాయి, తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. మధ్యలో ఉన్న నల్లరేగడి చాప మీద మేముంటాం. కరువు దేశం, ఎడారి అని మమ్మల్ని చూసి జాలిపడేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చదవాలి. మాకు తక్కువైంది వాన కాదు.

శిరివెళ్ళ దారి: పోయిన కొలబద్ద

మూడో మనిషిని ఇక్కడ చెప్పాలి. మౌలాలన్న. మా ఆఫీసులో చైన్‌మ్యాన్. ఏళ్ళ తరబడి కొలత కర్ర పట్టుకున్నవాడు. లెవెల్ పరికరం అంటే మూడు కాళ్ళ మీద నిలబెట్టే దుర్భిణి. దూరాన ఒక మనిషి అంకెలున్న కర్ర నిటారుగా పట్టుకుంటే, దుర్భిణిలోంచి కనిపించే అంకెను బట్టి ఏ చోటు ఎంత ఎత్తో తెలుస్తుంది. మౌలాలన్న పట్టుకుంటే కర్ర వెంట్రుకంత వంగదు.

రోడ్డు కల్వర్టు రాయి మీద చెక్కిన గుర్తు నుంచి మొదలుపెట్టాం. ఆ రాయి పునాది బండ మీద ఉంది కాబట్టి అది కదలదు. మొదటి మేకు దగ్గర హెండ్రిక్ అంకె చదివాడు. నా పుస్తకంలో ఉన్నదానికన్నా మేకు నాలుగు సెంటీమీటర్లు కిందికుంది. రెండో మేకు ఆరు. మూడోది రెండున్నర. సాయంత్రానికి పదకొండు మేకులు చూశాం. పదకొండూ కిందికున్నాయి. ఏ రెండూ ఒకేలా దిగలేదు.

మురుగుకాలవకు కిలోమీటరుకు పది సెంటీమీటర్ల వాలు ఉంటే చాలు. అంత సన్నని వాలులో ఆరు సెంటీమీటర్లు తప్పితే నీళ్ళు ముందుకు పోవు, వెనక్కి వస్తాయి.

హెండ్రిక్ పెన్సిలు చెవి మీద పెట్టుకుని మెత్తగా అడిగాడు. "శామ్యూల్, నవంబరులో నీకు ఒంట్లో బాగుందా?"

చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు. నేను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. 'సర్వే పొరపాటు' అన్న రెండు మాటలు ఫైల్లో పడితే ఉద్యోగం ఖాయం కాదు. మా నాయన రుద్రవరంలో బడిపంతులు. ఆయన చెప్పిన లెక్కల్లో కూడా నేను తప్పు చేయలేదు.

"నేల దిగింది" అన్నాను. "నేను చదివిన అంకె తప్పు కాదు."

"అయిదు నెలల్లో నేల దిగుతుందా?"

చూడమని చేను చూపించాను. ఏప్రిల్‌లో మా రేగడి చేను ఎలా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. నేలంతా నెర్రెలిచ్చి, పలకలు పలకలుగా విడిపోయి ఉంటుంది. నెర్రెలో చెయ్యి పెడితే భుజం దాకా పోతుంది. తెలిసినవాళ్ళు చెయ్యి పెట్టరు, తేళ్ళుంటాయి.

హెండ్రిక్ జేబులోంచి మడతల చెక్క కొలబద్ద తీశాడు. వాళ్ళ దేశంలో ప్రతి మేస్త్రీ జేబులో ఒకటి ఉంటుంది, విప్పితే రెండు మీటర్లు. నెర్రెలోకి దింపడం మొదలుపెట్టాడు. ఒక మడత, రెండు, మూడు. ఇంకా పోతూనే ఉంది. చివరి మడతకు వచ్చేసరికి చెమట చేతిలోంచి జారింది. చప్పుడు కూడా రాలేదు.

ముగ్గురం వంగి చూశాం. మౌలాలన్న నిదానంగా లేచి తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏమంటాండాడప్పా దొర?"

"వాళ్ళ నాయనదంట ఆ కొలబద్ద."

"అయ్యో పాపం. ఇంగ రాదు. భూదేవి కొల్చుకుంటాదిలే దాంతో."

ఈ మాట ఇంగ్లీషులో చెప్పాను. హెండ్రిక్ నవ్వాడు. కానీ నెర్రె లోతు వేరు, నేల ఎత్తు వేరు, లోతును బట్టి ఎత్తు తగ్గిందని చెప్పలేమన్నాడు. చదువుకున్నవాడి వాదన. నేనూ అదే చదువు చదివాను కాబట్టి కాదనలేకపోయాను.

ఆళ్ళగడ్డ: శెట్టి కాటా

రెండోరోజు రాత్రికి ఆళ్ళగడ్డ చేరి, మూడోరోజు పొద్దున బజారులో చెనిక్కాయల, అంటే వేరుశనగల, శెట్టి అంగడికి వెళ్ళాం. హెండ్రిక్‌కు టోపీ కావాలి, శెట్టి టోపీలు అమ్మడు, అయినా కూర్చోబెట్టాడు. నాలుగు గ్లాసుల మజ్జిగ వచ్చింది. మజ్జిగ తాగుతూ చూస్తే, మూటలు తూచే పెద్ద కాటా ఒక కాలు కింద ఇనుపముక్క పెట్టి ఉంది.

"ఎందుకు శెట్టీ అది?"

"ఎండాకాలంలో ఆ మూల దిగుతాది సామీ. ముక్క పెడ్తాం. వాన పడినాక లేస్తాది. తీసేస్తాం. మా తాత కాలం నుంచీ ఇంతే."

"ఎన్నాళ్ళకోసారి?"

"ఏడాదికి రెండుసార్లు. ముక్క తీయడం మర్చిపోతే రైతు కొడ్తాడు, పెట్టడం మర్చిపోతే నా పెండ్లాం కొడ్తాది."

లోపలికి తీసుకువెళ్ళి గోడ కూడా చూపించాడు. పైనుంచి కిందికి చీలిక. నడింట్లో తలుపు ఎండాకాలంలో వదులై ఊగుతుంది, కార్తీకంలో బిగుసుకుని భుజంతో తోస్తే తప్ప తెరుచుకోదు. ఇవన్నీ వరసగా హెండ్రిక్‌కు చెప్పాను. గోడ తడిమి చూశాడు. నేల సరిగా గట్టిచేయకుండా కట్టారు, పనివాళ్ళ లోపం అన్నాడు.

శెట్టికి ఇంగ్లీషు రాదు గానీ ముఖం చదవగలడు. "నా గోడను తిడ్తాండాడా?"

"పనివాళ్ళను తిడుతున్నాడు."

"వాళ్ళ ఊర్లో గోడలు పగలవా?"

ఈ ప్రశ్నకు నేనే జవాబు చెప్పాను, ఎందుకంటే హెండ్రిక్ ఇంట్లో రెండు వారాలు ఉన్నాను. వాళ్ళ నేల మెత్తని బురద. ఇళ్ళ కింద పొడుగాటి చెట్టుమానులు దింపి, వాటి మీద కడతారు. నీళ్ళు తోడేకొద్దీ నేల కుంగుతుంది. ఆయన తాత కట్టిన గడపకు ఇప్పుడు రెండు మెట్లు అదనంగా వేయాల్సి వచ్చింది. నేల కుంగడం ఆయనకు తెలియని సంగతి కాదు. కానీ వాళ్ళ నేల ఒక్క వైపే పోతుంది, మెల్లగా, తరానికి ఒక మెట్టు చొప్పున, దిగితే మళ్ళీ రాదు. ఏటా దిగి ఏటా లేచే నేల ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో లేదు కాబట్టి మా శెట్టి తాతా, ఆయన కాటా, నేనూ అందరం పొరపాటు మనుషులమయ్యాం. ఆ మధ్యాహ్నమే నాకు గట్టిగా కోపం వచ్చింది.

ఉయ్యాలవాడ దారిలో: మరియమ్మ బావి

ఆళ్ళగడ్డ నుంచి ఉయ్యాలవాడ పోయే దారిలో ఒక పల్లె దగ్గర, పటంలో గీసిన కాలవ మరియమ్మ అనే ఆమె చేను మధ్యగా పోతుంది. మూడెకరాల చేను. భర్త లేడు, తానే సేద్యం చేయించుకుంటుంది. నవంబరులో ఆ చేలో నేనే మేకులు పాతాను కాబట్టి నన్ను మర్చిపోలేదు.

"వందనాలమ్మా."

"వందనాలు నాయనా. మల్లా వచ్చినావా? ఈ పొడుగాయన ఎవురు, మన సంగపోడేనా?"

క్రైస్తవుడేనా అని అడుగుతోంది. అవునన్నాను. హెండ్రిక్ కుటుంబం ప్రతి ఆదివారం గుడికి పోతుంది. ప్రసంగం మొదలవగానే బెంచీలో అందరూ తలా ఒక పెప్పర్మెంటు బిళ్ళ నోట్లో వేసుకుంటారు, పాస్టరు గారికి కూడా తెలుసు. ఇది చెప్పగానే మరియమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా అయ్యగారి ప్రసంగానికి ఒగ బిల్ల సాలదు నాయనా. సేరు కావాల."

చింతచెట్టు కింద జొన్నరొట్టెలు, చెనిక్కాయలు దంచిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. హాలెండులో మధ్యాహ్నం భోజనం అంటే చల్లటి రొట్టెముక్కల మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని తినడం. మీసాలున్న మగవాళ్ళు, కాలవలు తవ్వించే ఇంజనీర్లు అలా తింటారు. హెండ్రిక్ ఊరిబిండిని అలాగే రొట్టె మీద పలచగా చల్లుకున్నాడు. మరియమ్మ చూడలేక తానే తుంచి అద్ది ఇచ్చింది. ఇచ్చాక సూటిగా అడిగింది.

"నా చేను రెండుముక్కలు చేస్తారంట. చేసుకోండి. నీల్లు పోతాయా? పోతాయని ఈ దొర చెప్తాడా?"

ఆమె మాట తిప్పి చెప్పాను. నీళ్ళు పోతాయని హెండ్రిక్ అన్నాడు. ఇప్పుడు తాను తీసిన కొత్త అంకెలతో తవ్వితే తప్పకుండా పోతాయన్నాడు.

"మరి వాన పడినాక నేల లేస్తాది గదా" అంది మరియమ్మ. "అప్పుడెట్ల పోతాయి?"

మౌలాలన్న గొంతు సవరించుకున్నాడు. "ఆ బావి రాయి మీద చూడమని చెప్పప్పా. నవంబరులో పెట్టింటిమి గదా కర్ర."

నిజమే. నవంబరులో ఇక్కడ మేకు పాతుతుంటే మౌలాలన్న వద్దన్నాడు. అడుగున గరుసు తగిలేదాకా, అంటే గట్టి ఎర్రమట్టి రాళ్ళ పొర తగిలేదాకా తవ్వి రాయి నిలబెట్టాలన్నాడు. మా పల్లెల్లో గట్టు రాళ్ళు అలాగే పాతుతారు. రుద్రవరంలో పుట్టిన నాకు అది తెలియదా? తెలుసు. కానీ అప్పటికి హాలెండు నుంచి వచ్చి కొన్ని నెలలే. అక్కడ నేర్పినట్టు మూడడుగుల కొయ్యమేకు చాలన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా, పని అయ్యాక మరియమ్మ బావి ఒరల మీద కర్ర నిలబెట్టి, "ఇదొగటి రాసుకో, నా మాట కోసం" అన్నాడు. రాసుకున్నాను, ఆయన మాట కోసమే. ఆ బావి రేగడి దాటి, గరుసు దాటి, బండ దాకా తవ్వింది. ఒరల రాళ్ళు బండ మీదనుంచి లేచాయి.

హెండ్రిక్ పరికరం నిలబెట్టాడు. మౌలాలన్న బావి రాయి మీద కర్ర పెట్టాడు. చదివిన అంకె, నా పుస్తకంలో అంకె ఒకటే. మిల్లీమీటరు కూడా తేడా లేదు. బావికి ఇరవై అడుగుల దూరంలో ఉన్న మేకు అయిదు సెంటీమీటర్లు కిందికుంది.

హెండ్రిక్ రెండోసారి చదివాడు. నన్ను చదవమన్నాడు. మూడోసారి మళ్ళీ తానే చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని, పరికరం విప్పి పెట్టెలో పెట్టాడు.

చాగలమర్రి: కాగితం

నాలుగోరోజు మధ్యాహ్నం చాగలమర్రి బస్టాండు పక్క టీ కొట్లో హెండ్రిక్ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కడప వైపు పోయే బస్సు ఇంకో అరగంటలో ఉంది. టైపు చేసిన కాగితంలో కారణం అన్న చోట చేత్తో రాశాడు: తొలి కొలతల్లో సర్వే పొరపాటు, ఏప్రిల్ కొలతలతో తవ్వకం మొదలుపెట్టవచ్చు.

"బావి చూశారు కదా" అన్నాను.

"చూశాను. ఒక్క బావి. నేల కదులుతుందని రాస్తే మొత్తం పథకం ఆగిపోతుంది. ఏడాది పొడవునా కొలవాలి. పైవాళ్ళు వానలకు ముందే తవ్వాలంటున్నారు. ఇది చిన్న మాట, శామ్యూల్. నిన్నెవరూ ఏమీ అనరు. నేను విడిగా ఉత్తరం కూడా రాస్తాను."

"చిన్న మాటైతే మీ పేరు మీద రాయండి. తొలి కొలతలు సరైనవి, మలి కొలతలు హెండ్రిక్ పొరపాటు అని."

ఆయన కాగితాన్ని నా వైపు జరిపాడు.

నేను పెన్ను తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. కింద నా వాక్యాలు రాశాను, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి. ఒకటి, కదిలే నేలలో కొయ్యమేకులు పాతడం నా తప్పు, చైన్‌మ్యాన్ వద్దని చెప్పాడు. రెండు, నవంబరులో చదివిన అంకెలు సరైనవి, ఏప్రిల్‌లో చదివినవీ సరైనవే, మధ్యలో దిగింది నేల. మూడు, ఈ రెండింటిలో దేనితోనూ కాలవ తవ్వకూడదు. ఏడాదంతా కొలవాలి, గరుసు తగిలే రాళ్ళు పాతి కొలవాలి. కింద సంతకం చేశాను. పెన్ను ఆయన వైపు జరిపాను.

టీ కొట్టు ఆయన పెనం గోకడం ఆపి చూస్తున్నాడు.

"ఇది ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు" అన్నాడు హెండ్రిక్.

"ఒప్పుకోనివాళ్ళను చేలోకి రమ్మనండి."

హెండ్రిక్ నా వాక్యాలు మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. పెన్ను తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, మూత పెట్టి, నా జేబుకు తగిలించాడు. బస్సు వచ్చింది. నాతో, మౌలాలన్నతో చెయ్యి కలిపి, తల వంచుకుని ఎక్కాడు. అంత పొడుగు మనిషి మా బస్సులో తల ఎత్తి నిలబడలేడు.

"సంతకం పెట్టలేదే!" అన్నాడు మౌలాలన్న.

"పెట్టలేదు. తన మాట మీదా పెట్టలేదు, నా మాట మీదా పెట్టలేదు."

"మరి నీ ఉద్యోగం?"

"తెలీదన్నా."

"పోతే పోనీలే అప్పా. చేను కొల్చేకి రేపు మల్లా పోదామా, పోవద్దా? అది చెప్పు ముందు."

మర్నాడు వెళ్ళాం. మరియమ్మ చేలో గరుసు తగిలేదాకా తవ్వి రాయి నిలబెట్టాం. ఇది రాసేనాటికి నాకు రెండు మెమోలు వచ్చాయి, రెండింటికీ జవాబిచ్చాను. ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. తొలకరి పడింది, నెర్రెలు మూసుకుంటున్నాయి, వారానికోసారి వెళ్ళి కర్ర నిలబెడుతున్నాం. మేకులు లేస్తున్నాయి. కాలవ తవ్వలేదు, ఎందుకంటే కాగితం మీద ఒక్క సంతకమే ఉంది.

చదివినవాళ్ళలో నమ్మనివాళ్ళుంటారు. వాళ్ళు రావచ్చు, ఆళ్ళగడ్డకు బస్సులకు కొదవలేదు. ఏప్రిల్‌లో ఒకసారి, నవంబరులో ఒకసారి రండి. ఒక్కసారే వచ్చి పోయేవాళ్ళకు మాత్రం నేను ఏ అంకెనూ చూపించను.